వాసుదేవ క్రిస్మస్ డబ్బా

డిసెంబరులో జీతాలు పడ్డ రోజున వేమగల్ ఫ్యాక్టరీ క్యాంటీన్ గుమ్మంలో వాసుదేవ ప్రత్యక్షమవుతాడు. నుదుట విభూతి, నెత్తిన ఎర్ర టోపీ, చేతిలో జిగేల్‌మనే కాగితం అంటించిన మిఠాయి డబ్బా. బీద పిల్లలకు క్రిస్మస్ బొమ్మలు కొనాలట! హెచ్‌ఆర్ ఆఫీసరాయె, ఆయన్ని తప్పించుకుని అన్నానికి పోవడం ఎవరి తరం? నోటు వేస్తే "దేవుడు చల్లగా చూస్తాడప్పా" అంటాడు. చిల్లర వేస్తే ఏమీ అనడు, లైనంతా వినేలా డబ్బాను గలగలలాడిస్తాడు. తన జేబు జోలికి మాత్రం పోడు. టోపీ పెట్టుకోవడమే తన చందా అని ఆయన లెక్క.

ఈసారి బొమ్మలు కేజీఎఫ్‌లో, మూతబడ్డ బంగారు గనుల కూలీల ఇళ్ల మధ్య పంచారు. వాసుదేవ ఒక పాప చేతిలో బొమ్మ పెట్టి, వెనక నిలబడ్డ తల్లితో "నవ్వమ్మా, ఫోటో తీస్తా ఉండారు" అన్నాడు.

"నన్ను గుర్తు పట్టలేదా సార్? ఫిలోమినాను. దినామూ మీకు క్యాంటీన్లో కాఫీ ఇచ్చేది నేనే గదా. డబ్బాలో నేను గూడా వేసినాను" అందామె సంబరంగా.

వాసుదేవ మొహం మాడిపోయింది. వెనక కంపెనీ బ్యానరు, ఎదుట కెమెరా.

"మన కంపెనీ మనిషే బీదరాలంటే ఇంగ మన మర్యాద యాడ ఉంటాదమ్మా?" అని గొంతు తగ్గించి కసురుకుంటూ, పాప చేతిలోని బొమ్మను లాక్కుని పక్క పిల్లవాడికి ఇచ్చాడు. టోపీ సర్దుకుని కెమెరాకేసి నవ్వాడు.

మర్నాడు క్యాంటీన్లో ఆమె ఇచ్చిన కాఫీ చప్పరించి, "ఇంగ రవంత చక్కెర వెయ్యమ్మా" అన్నాడు, ఆమె మొహం చూడకుండానే.