బాణం వదిన కుడికాలు

రెండు స్పోర్ట్స్ కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చలైటు వెలగ్గానే తిన్నగా దూసుకుపోతే ఏది ముందుంటుంది? ఈ ఒక్క ముక్క కోసం మర్యాదస్తులు కూడా టీ కొట్టు దగ్గర చొక్కాలు పట్టుకుంటారు. ఆ గొడవ తీర్చడమే బాణం వదిన ఉద్యోగం. ఆవిడ పనిచేసే కార్ల పత్రికవాళ్ళు ఓ పాడుబడిన విమానాశ్రయంలో రన్‌వే అద్దెకు తీసుకుని, పోటీ కంపెనీల కార్లను జతగా పరిగెత్తించి చూస్తారు. ఒకటి ఆవిడ నడుపుతుంది, రెండోది ఆవిడ ఆడపడుచు. ఒక పరుగయ్యాక కార్లు మార్చుకుని ఇంకో పరుగు. నడిపేవాళ్ళ గొప్పతనం కారు ఖాతాలో పడకూడదు కదా మరి!

ఈ ఉద్యోగం ఆవిడకెవరూ పిలిచి పీట వేసి ఇవ్వలేదు. బేకరీ వ్యాను నడిపే రోజుల్లో ఓసారి సిగ్నల్ దగ్గర, ఆ డొక్కు వ్యానుతోనే పక్కనున్న కొత్త కారును దాటేసింది. అందులో ఉన్నది పత్రిక ఎడిటర్. వెంటపడి వచ్చి, బేకరీ ముందు దిగి, "నీకు బండి నేర్పిందెవరమ్మా?" అని అడిగాడు. "బన్నులు చల్లారిపోతాయన్న భయం సార్" అంది ఆవిడ. తర్వాత మొగుడి చెల్లెలికి కూడా తనే నేర్పి పనిలో పెట్టించింది. ఆ పిల్ల "వదినా" అని పిలవడం వినీ వినీ రన్‌వే మీద అందరికీ వదినే అయిపోయింది, ఆఖరికి జుట్టు నెరిసిన మెకానిక్కుకి కూడా. పచ్చలైటు పడగానే బాణంలా దూసుకుపోతుందని ముందు ఆ 'బాణం' తగిలించింది కూడా వాళ్ళే.

పోయిన వానాకాలం చిన్న చెమ్మ మీద కారు గిర్రున తిరిగి టైర్ల గోడను గుద్దింది. భుజం దగ్గర ఎముక విరిగింది, నెలలకు అతుక్కుంది. కానీ అప్పట్నుంచీ కుడికాలు మాట వినడం మానేసింది. గేరు మారేటప్పుడు ఇలాంటి కార్ల వెనకభాగం కాస్త ఊగుతుంది, అది మామూలే. ఆ ఊపు తగిలిందా, కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేచిపోతోంది. రెప్పపాటే అనుకోండి, ఈ పనిలో రెప్పపాటు వెనకబడితే ఎదరకారు వెనక అద్దమే కనిపిస్తుంది.

ఈ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన దర్జీ, బహు నెమ్మదస్తుడు. ఆయన స్కూటరును సైకిళ్ళవాళ్ళు గంట కొట్టి మరీ దాటిపోతారు. రోజూ కొట్టు మూశాక ఆవిడ కరెంటు కుట్టుమిషన్ ముందు కూర్చుని, కింద పెడల్ అదిమిపట్టి, "వెనకనుంచి కుర్చీ ఊపండి" అనేది.

"కుర్చీ విరిగితే?"

"విరిగితే కొత్తది కొందురుగాని. ఊపండి ముందు!"

దారం లేని మిషన్ గర్రుమనేది. ఆయన కుర్చీ ఊపగానే మోత తగ్గేది, అంటే కాలు లేచినట్టే. "మళ్ళీ" అనేది ఆవిడ పళ్ళు బిగించి. ఈయనకి గిరాకీ పెరిగిపోయిందని పక్కకొట్టువాళ్ళు కుళ్ళుకున్నారు కూడా. చివరకు ఆయన ఎంత ఊపినా మోత తగ్గడం మానేసింది. "ఇక చూస్కోండి!" అంది ఆవిడ. కుర్చీ కుర్చీయే, కారు కారే అని అప్పటికింకా తెలియదు పాపం.

ఎన్నాళ్ళుగానో ఒకదాని మీద ఒకటి కాలు దువ్వుతున్న రెండు కంపెనీల కార్లు వచ్చాయి, ఎర్రదొకటి, వెండిరంగుదొకటి. మొదటి పరుగులో వదిన ఎర్రదెక్కింది, ఎర్రది ఓడింది. మార్చుకుని వెండిదెక్కితే వెండిది ఓడింది. రెండుసార్లూ కాలు లేచిందని ఆవిడకు తెలుస్తూనే ఉంది.

ఎడిటర్ ఆవిడను రేకులషెడ్డులోకి పిలిచాడు. "మీరు ఏది ఎక్కితే అది ఓడుతోందమ్మా. ఏ కారు గొప్పదని రాయమంటారు? ఇంకో జత పరుగులు చూస్తాను. ఇలాగే ఉంటే వేరేవాళ్ళను పెట్టుకోక తప్పదు. మీరు ఆఫీసులో కూర్చుని పాఠకుల ఉత్తరాలు చూద్దురుగాని. జీతమేం తగ్గదులెండి."

జీతం తగ్గదన్న మాటకే ఆవిడకు ఎక్కువ మండింది. ఇన్నేళ్ళూ జీతం కోసమేనా ఈ కార్లతో ప్రాణాల మీదికి తెచ్చుకుంది? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా హెల్మెట్ తగిలించుకుని ఎర్రకారెక్కింది.

ఆ పరుగులో గెలిచింది! మెకానిక్కులు చప్పట్లు కొట్టారు. ఆవిడకూ ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. కానీ కాలు ఇప్పుడు కూడా లేచింది. మరి గెలుపెలా వచ్చింది? విసురుగా దిగి, వెండికారు దగ్గరికెళ్ళి అద్దం మీద కొట్టింది.

"కాలు తీశావు కదే?"

"లేదొదినా, టైరు జారిందీ..."

"నా దగ్గరా నీ కబుర్లు? నీకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందే నేను!"

ఆడపడుచు మొహం ఎర్రబడింది. "నిన్ను ఆఫీసులో కూర్చోబెడతారని మెకానిక్ చెప్పాడు. రేపు అన్నయ్యకి నా మొహం ఎలా చూపించను?"

"నీ ప్రేమ తగలెయ్య! ఎర్రదే గొప్పదని అచ్చులో పడితే, చదివినవాళ్ళంతా మన వదినామరదళ్ళ ముద్దుముచ్చట్లు నమ్ముకున్నట్టేగా? నా మీద అంత ప్రేమే ఉంటే నన్ను ఓడించు. దయాదాక్షిణ్యాలు లేకుండా ఓడించు. నా కాలి సంగతి నేను చూసుకుంటా."

అక్కడినుంచి తిన్నగా ఎడిటర్ దగ్గరికెళ్ళింది. "ఇది చెల్లదు సార్. నా కాలు భయంతో లేచింది, దాని కాలు జాలితో లేచింది. ఇంకో జత ఇవ్వండి."

ఎడిటర్ ఆవిడ మొహంలోకి చూశాడు. "ఇదే ఆఖరమ్మా" అన్నాడు.

ఎర్రకారులో కూర్చున్నాక ఆవిడకు ఒకటి అర్థమైంది. మిషన్ దగ్గర కాలు లేవలేదంటే, అక్కడ భయమే లేదు గనక. ఇక్కడ ఉంది, ఎక్కడికీ పోదు. పోకపోతే మానె, నోట్లోంచి వెళ్ళగక్కేద్దాం, కాల్లోకి మాత్రం దిగనివ్వకూడదు!

పచ్చలైటు వెలిగింది. హెల్మెట్‌లో మైకు ఉందన్న సంగతే ఆవిడ మర్చిపోయింది.

"ఒసేయ్ దరిద్రపు కాలా! లేచావో, చంపేస్తా! తొక్కవే! తొక్కూ!"

షెడ్డులో రేడియో హోరెత్తిపోయింది. ముసలి మెకానిక్ చేతిలో కప్పు జారింది. గేరు మారింది, కారు ఊగింది. "అమ్మోయ్!" అని గావుకేక పెట్టింది ఆవిడ. కాలు కదల్లేదు. మళ్ళీ ఊపు, మళ్ళీ కేక. కాలు అక్కడే ఉంది. కళ్ళముందే వెండికారు కొంచెం కొంచెంగా జరిగి, కారు పొడవు ముందుకెళ్ళి గీత దాటేసింది. వెనకాల వదిన, ఓడినా కాలు లేవలేదు కదా అని, ఎగిరి గంతేసినంత పనిచేసింది.

కార్లు మార్చుకున్నారు. మళ్ళీ అవే తిట్లు, అవే కేకలు. ఈసారి వెండికారులో ఆవిడే ముందు దాటింది.

ఎడిటర్ కంప్యూటర్ తెర మీద రెండు పరుగులూ పక్కపక్కన పెట్టి చూసి, పరుగులాంటి నడకతో బయటికొచ్చాడు. "ఎర్రదాంట్లో మీరెంత వెనకబడ్డారో, మీ ఆడపడుచూ అంతే వెనకబడిందమ్మా! వెంట్రుకవాసి తేడా లేదు!"

వదిన కారు దిగి రన్‌వే మీదే చతికిలపడింది. ఆడపడుచు పరిగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులేసింది. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో మెకానిక్కులకు అంతుపట్టలేదు. అరిచి అరిచి వదిన గొంతు బొంగురుపోయింది. ఇంకా వణుకుతున్న కుడికాలిని రెండు చేతులా పట్టుకుని, ఆ గొంతుతోనే, "వెండిదే వేగం సార్. నా మాటగా రాసుకోండి" అంది.