తాతగారు ఉండగానే వెలువడిన ఒపస్క్యూల్

మా ముత్తాత పాలమూరు నుంచి కూలీలను వెంటబెట్టుకొచ్చి బొంబాయిలో మేడలు కట్టించిన పెద్ద మేస్త్రీ. వెండి పిడి తాపీతో ఆయన తొలి రాయి పెడితేగాని పని మొదలయ్యేది కాదు. ఆ రోజుల్లో, అంటే నా డిగ్రీ అయిన కొత్తలో, మాకు మిగిలినవి కామాటిపురా చాల్‌లో ఒక గది, ఆ తాపీ, గల్లీ బోనాలకు తొలి కొబ్బరికాయ కొట్టే హక్కు. ఆ హక్కుకే ఎసరొచ్చింది. పందిరి వేయించిన టెంపో సేట్ (నిన్నగాక మొన్న సేటయ్యాడు) ఈసారి తానే కొడతానన్నాడు. మా వంశమేమిటో గల్లీకి తెలియాలని నేనొక పద్యకావ్యం రాశాను. చిన్న పుస్తకం అనడం మాకు చిన్నతనం. నిఘంటువు వెదికితే అదే అర్థానికి లాటిన్ నుంచి వచ్చిన 'ఒపస్క్యూల్' దొరికింది. ఫాక్‌లాండ్ రోడ్ ప్రెస్సులో అట్ట మీద తాతగారి తలపాగా ఫోటో, చుట్టూ నల్లంచు (హుందాగా ఉంటుందని), కింద ఆ మాట వేయించి, బోనాల పొద్దున గడపగడపకూ పంచాను.

మా వాళ్లు పెద్దవాళ్ల ఫోటోతో చిన్న పుస్తకం పంచేది దశదినకర్మ నాడు. ఆ సంగతి నాకు తట్టలేదు. పైగా తాతగారు చాలా రోజులు వర్లిలో మా మేనత్త ఇంట ఉండి, ముందురోజే చడీచప్పుడు లేకుండా తిరిగొచ్చారు.

ఎదురుగది చిన్నమ్మ ఏడుస్తూ లోపలికొచ్చింది. "మామ వర్లిల పోతె మాకొక్క మాట చెప్పరా? ఒపస్క్యూలంట, అదేం బీమారో!"

తాతగారు సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "నాకు గూడ ఎవ్వలు చెప్పలే బిడ్డా. కూసో, చాయ్ తాగు," అన్నారు.

నేను పందిరికి పరుగెత్తాను. సేట్ అప్పటికే కాయ ఎత్తి ఉన్నాడు.

"మైలున్న ఇంటోళ్లతోని అమ్మకు కాయ కొట్టిస్తరా భావ్?"

"మా తాత బతికే ఉన్నాడు! పుస్తకం చదవలేదా?"

"సదువుడెందుకు? ఫోటో జూసినం గదా, బస్!"

కాయ పగిలింది. అంతలో తాతగారే కర్ర ఊపుకుంటూ వచ్చారు. ఆడవాళ్లు కెవ్వుమని దారిచ్చారు. ఆయన ఒక ముక్క అందుకుని నమిలి, "మంచిగ కొట్టినవ్ సేటూ," అని నా వైపు తిరిగారు. "ఏం రాసినవో గని మనుమడా, గల్లీ మొత్తం ఏడ్సింది!"

అచ్చయిన పూటే ఊరందరినీ ఏడిపించిన కవి మరొకడు ఉంటే చూపించమని ఇప్పటికీ తలెత్తుకునే అడుగుతాను. తాతగారు నిజంగా పోయినప్పుడు మళ్లీ అచ్చు వేయించే పని పడలేదు. ఉన్నవే పంచగా అప్పుడూ మిగిలిన ప్రతులను నాగ్‌పాడాలో పాతకాగితాలవాడికి అమ్మాం. గది ఖాళీ చేసిన ఏడు, వెండి పిడి తాపీ అమ్మాం.