కొక్కెం గాట్లు పడిన పలకలు

అది 2023 వర్షాకాలం. గుంటూరులో మా మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్ మిర్చి యార్డుకు ఎంత దగ్గరంటే, గాలి ఇటు తిరిగిన రోజున కిటికీలు మూసుకుని తుమ్ముతూ పని చేస్తాం. ఇనప కడ్డీలు, పైపులు, తాళ్ళు, చీమకుర్తి గ్రానైట్ ముక్కలు, ఏది తెచ్చినా లాగి, వంచి, నొక్కి, ఎంత బరువు దాకా తట్టుకుంటుందో రాసిస్తాం. ఆ లాగడం, వంచడం చేసే పెద్ద మెషిన్ పేరు యూటీఎం. దాని దగ్గర నేను చేరి అప్పటికి పదిహేనేళ్ళు దాటింది. దాని ఆయిల్ ఎక్కడ కారుతుందో, ఏ బోల్టు ఎప్పుడు మొరాయిస్తుందో మా ఇంట్లోవాళ్ళ జబ్బులకన్నా నాకు బాగా తెలుసు.

ఆ ఏడాదే మా ల్యాబ్‌కి టెంపరేచర్ ఛాంబర్ వచ్చింది. చూడ్డానికి అద్దం తలుపున్న బీరువాలా ఉంటుంది. పరీక్షించాల్సిన ముక్కను అందులో పెట్టి, కావలసినంత వేడిగానో చల్లగానో ఉంచి, ఆ వేడిలోనే, ఆ చలిలోనే బరువు వేసి చూడొచ్చు. మామూలు గదిలో గట్టిగా నిలబడిన వస్తువు ఎండలో సాగిపోవచ్చు, చలిలో పెళుసుబారి పుటుక్కుమనొచ్చు. అది తెలియాలంటే ఛాంబర్ ఉండాల్సిందే. దానికోసం ఏళ్ళ తరబడి డైరెక్టర్ గారి ప్రాణం తీసింది నేను. కొటేషన్లు తెప్పించింది నేను. తీరా అది లారీ దిగాక దాని ఇన్‌చార్జిగా కరుణాకర్‌ని వేశారు.

కరుణాకర్ అంతకు ముందు ఏడాదే హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఎంటెక్. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. "మీకు పాత మెషిన్ బాగా అలవాటు కదా వసంత గారూ, కొత్తది అతన్ని చూసుకోనివ్వండి" అన్నారు డైరెక్టర్ గారు, నాకేదో మేలు చేస్తున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. పైగా అతను ఎవరితోనూ ఒక్క మాట పడని మనిషి. నవ్వుతూ పలకరిస్తాడు, అడగకుండానే సాయం చేస్తాడు. తిట్టుకోవడానికి కూడా సందివ్వని మనిషి మీద కుళ్ళు ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది. ఛాంబర్‌కి దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టాడు. ఆ దిష్టి ఎవరిదై ఉంటుందో ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

అలాంటి రోజుల్లో ఒక ఏసీ మేనేజరు మా దగ్గరికి వచ్చాడు. గుంటూరులో కోల్డ్ స్టోరేజీని అందరూ ఏసీ అనే అంటారు. ధర వచ్చేదాకా రైతులు, వ్యాపారులు మిర్చి టిక్కీలను, అంటే గోతాలను, అక్కడ నాలుగైదు డిగ్రీల చలిలో దాచుకుంటారు. లోపల ఇనప స్టాండ్లు అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. వాటి మీద పలకలు పరిచి టిక్కీలు పేరుస్తారు. ముఠా కూలీలు ఆ పలకల అంచుల మీదుగానే ఎక్కుతూ దిగుతూ సరుకు మోస్తారు. ఈ ఏసీలో పాత చెక్క పలకలు చెమ్మకు పుచ్చిపోతున్నాయని, వాటి చోట రీసైకిల్డ్ ప్లాస్టిక్ పలకలు వేయించారు. ఒక సీజను బాగానే గడిచింది. తర్వాత సరుకు దించుతుండగా ఒక పలక విరిగి, ఏసోబు అనే ముఠా మనిషి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. కాలు, పక్కటెముకలు విరిగాయి.

"వాడు తాగి పడ్డాడండీ" అన్నాడు మేనేజరు. "వాడు మీద పడబట్టి పలక విరిగింది గానీ, పలక విరిగి వాడు పడటమేంటి? ముఠావోళ్ళు లోపలికి అడుగు పెట్టం అంటన్నారు. పలకలు మంచియ్యేనని మీరో రిపోర్టిస్తే గొడవ సద్దుమణిగిద్ది."

విరిగిన పలకను అప్పటికే చెత్తలో పారేశారట. అదే వరసలోని పలకలు నాలుగు ఆటోలో వేసుకొచ్చాడు. అతని వెంట ముఠా మేస్త్రి అంజయ్య కూడా వచ్చాడు. మేనేజరు డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాక, అంజయ్య నా దగ్గర నిలబడి గొంతు తగ్గించాడు.

"ఏసోబు ఒకప్పుడు తాగేవోడే అమ్మా, కాదనను. మానేశాడు. చర్చిలో అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఇప్పుడు ఊళ్ళో అందరూ, మళ్ళీ మొదలెట్టాడు, అందుకే పడ్డాడంటన్నారు. వాళ్ళావిడ మరియమ్మ అన్నం పెడతంది గానీ మాట్టాడటం మానేసింది. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానంటంది. కాలు విరిగినందుక్కాదమ్మా, దానికేడుస్తన్నాడు వాడు."

చలిలో జరిగిన ప్రమాదం కాబట్టి కేసు ఛాంబర్‌కి, అంటే కరుణాకర్‌కి వెళ్ళింది. అతను పలకల్లోంచి ముక్కలు కోశాడు. మేం స్పెసిమెన్లు అనేవి ఇవే. సగం మామూలు గది వేడిలో వంచి చూశాడు. మిగతా సగం ఏసీలో ఉండేంత చలిలో, ముక్క లోపలి దాకా చలి ఎక్కేవరకు ఆగి, అప్పుడు వంచాడు. రెండూ నిలబడ్డాయి. చలిలో కొంచెం బిర్రబిగిసింది గానీ, మనిషీ టిక్కీ కలిసి నిలబడినా ఏమీ కానంత బలం ఉంది. పని శుభ్రంగా ఉంది. గ్రాఫులు అందంగా ఉన్నాయి. డైరెక్టర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఆ మెచ్చుకోలు విన్నాక నాకు టీ సహించలేదు. ఇందులో ఏదో ఒక తప్పు దొరక్కపోదు అనుకున్నాను. ఏసోబు కోసం వెతికానని రాస్తే బాగానే ఉంటుంది గానీ, నేను వెతికింది కరుణాకర్ తప్పు కోసం. అతను భోజనానికి వెళ్ళగానే లెక్కలు చూశాను, అవి సరిగ్గా ఉన్నాయి. కొలతలు చూశాను, అవీ సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది మూలన అతను పక్కన పడేసిన ముక్కల బుట్ట. దాన్ని కింద కుమ్మరించి కూర్చున్నాను.

అవన్నీ పలకల అంచు ముక్కలు. ప్రతి దాని మీదా గాట్లు. కొన్ని వేలిగోరంత లోతు, కొన్ని అంతకన్నా ఎక్కువ. దేనితోనో పొడిచినట్టుగా, అన్నిటి కొనా ఒకే రకంగా ఉంది. దెబ్బతిన్న చోటి నుంచి స్పెసిమెన్ తీసుకోకూడదని స్టాండర్డ్, అంటే పరీక్షల నిబంధనల పుస్తకం, చెబుతుంది. అందుకని కరుణాకర్ వాటిని వదిలేసి మధ్యలోంచి మంచి ముక్కలు కోశాడు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ నాకప్పుడు అతన్ని సమర్థించే ఉద్దేశం ఏ కోశానా లేదు. అంజయ్యకు ఫోన్ చేశాను.

"ఈ అంచుల మీద పొడిచినట్టు గాట్లేంటి మేస్త్రీ?"

"కొక్కేలమ్మా. టిక్కీ లాగే కొక్కెం."

"టిక్కీ లాగే కొక్కెం పలకకెందుకు తగులుతుంది?"

"పైకెట్టా ఎక్కుతామనుకున్నారు? నిచ్చెన పెడితే ఒక్కోడు ఎక్కి దిగేసరికి పొద్దు పోయిద్ది. పై పలక అంచులో కొక్కెం దించి, దాన్ని పట్టుకుని ఎగబాకుతాం. మా తాతల్నాటి నుంచీ అంతే. చెక్కయితే దిగినా మళ్ళీ మూసుకుపోయిద్ది. ఈ ప్లాస్టిక్‌లో గుంట అట్టాగే ఉండిపోతంది."

ఫోన్ పెట్టేశాక నా ఆనందం చూడాలి. మా భాషలో గాటును నాచ్ అంటారు. వస్తువు మీద బరువు పడినప్పుడు ఆ ఒత్తిడంతా గాటు కొన దగ్గరికే చేరుతుంది. సాగే గుణం ఉన్న వస్తువైతే అక్కడ కాస్త సాగి తట్టుకుంటుంది. చలికి ఆ సాగే గుణం పోతే, గాటు దగ్గర మొదలైన చీలిక ఆగదు. ఇది కాలేజీలో చదువుకున్నదే, అతనూ చదువుకున్నదే.

కరుణాకర్ రాగానే బుట్ట అతని బల్ల మీద పెట్టాను. "వీటిని ఛాంబర్‌లో పెట్టండి."

"గాట్లున్నవి తీసుకోకూడదు కదండీ. స్టాండర్డ్‌లోనే ఉంది."

"స్టాండర్డ్ చదువుకుని పలకలెక్కే వాళ్ళు ఆ ఏసీలో ఎవరూ లేరు. కొక్కెం దించుకునే ఎక్కుతారు. మీరు పరీక్షించిన పలక ఆ ఏసీలో ఎక్కడా లేదు."

గొడవకు దిగుతాడని నడుం బిగించుకుని ఉన్నాను. అతను ఒక ముక్క తీసుకుని, గాటు మీద బొటనవేలు పెట్టి చూసి, "అయ్యో, నిజమేనండీ" అన్నాడు. అంతే. నా కోపానికి దారే లేకుండా చేశాడు.

ముక్కలకు చలి ఎక్కేదాకా ఇద్దరం అద్దం ముందు స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. తర్వాత బరువు మొదలుపెట్టాం. గాట్లు లేని ముక్కలు వంగిన దాంట్లో నాలుగో వంతు కూడా వంగకముందే మొదటిది టప్పుమని విరిగింది. రెండోది కూడా అంతే. మూడోదీ విరగ్గానే కరుణాకర్ తన పాత రిపోర్టు తీసి పక్కన పెట్టాడు. అంతకుముందే సంతకం పెట్టేసి ఉంటే ముఠా అంతా మళ్ళీ ఆ పలకలెక్కేది. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే పండగలా ఉంది. ఏసోబు గుర్తుకొచ్చింది ఆ తర్వాతే.

అక్కడితో ఆపకుండా కరుణాకర్ గాట్లున్న ముక్కల్నే మామూలు గది వేడిలోనూ పరీక్షించాడు. అవి వంగాయి గానీ విరగలేదు. అంటే గాటు ఒక్కటే ఉంటే పలక ఆగుతుంది, చలి ఒక్కటే ఉన్నా ఆగుతుంది. రెండూ కలిస్తే ఆగదు. పలకలమ్మినవాళ్ళు మామూలు గదిలో కొత్త పలకను పరీక్ష చేయించి అమ్మారు. వాళ్ళ కాగితంలో అబద్ధం ఏమీ లేదు. కొక్కెం సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

రిపోర్టు మీద ఛాంబర్ ఇన్‌చార్జిగా కరుణాకరే సంతకం పెట్టాడు. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గానీ, మా డైరెక్టర్ గారు గట్టిగా చెప్పడంతో నిచ్చెనలు పెట్టించి, సరుకు దింపించి, ఆ పలకలన్నీ పీకించి మళ్ళీ చెక్కవే వేయించాడు. ఊళ్ళో పేరు మాత్రం కొత్త ఛాంబర్ సార్‌దే అయింది. నాకు మళ్ళీ టీ సహించలేదు.

కొన్నాళ్ళకు అంజయ్య ఏసోబుని ఆటోలో తీసుకొచ్చాడు. సన్నగా ఉన్నాడు, కాలికి కట్టు ఇంకా ఉంది. తిన్నగా కరుణాకర్ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"సార్, రిపోర్టు చూపిస్తే మా ఇంటిది నమ్మట్లేదు. ఇంగిలీషులో ఏం రాశారో నాకేం తెలుసు అంటంది. ఒక్క ముక్క మీరు చెప్పండి సార్."

ఫోన్ కలిసింది. స్పీకర్లో మరియమ్మ గొంతు మాకందరికీ వినబడింది. "సారూ, మా ఆయన తాగి పడలేదు గదా?"

కరుణాకర్ నా వైపు చూశాడు. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏసోబూ, గాటు సంగతి పట్టుకుంది ఈ మేడమ్. చెప్పాల్సింది ఆవిడే" అన్నాడు.

తాగలేదని నోటిదాకా వచ్చిన మాట మింగి, ఉన్నదే చెప్పాను. "అమ్మా, తాగాడో లేదో మా మెషిన్‌కి తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ చలిలో, గాటు పడిన ఆ పలక మీద ఎవరు కాలు పెట్టినా విరిగేదే. మీ పాస్టరు గారు పెట్టినా విరిగేదే."

ఏసోబు తల వంచుకుని కట్టు వైపు చూస్తున్నాడు. మరియమ్మ, "ఫోన్ ఆయనకియ్యండమ్మా" అంది. అతను స్పీకరు తీసేసి చెవికి ఆనించుకున్నాడు. "ఆ... ఆ... లేదు, ఇంకా తిన్లా" అన్నాడు. "వస్తన్నా. ఇంటికొచ్చే తింటా" అన్నాడు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, మా ఇద్దరికీ దణ్ణం పెట్టి, అంజయ్య భుజం పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ కేసు నాకు నేర్పింది చెప్పాలంటే, వాడిన వస్తువును వాడిన మచ్చలతోనే పరీక్షించాలి. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఎవరేం తెచ్చినా ముందు అడిగేది, దీన్ని ఎవరు, ఎలా వాడతారని. రిపోర్టు బయటికి వెళ్ళేముందు ఒకరి పని ఒకరు చూడాలని కూడా పెట్టుకున్నాం. కరుణాకర్ నా పనిని గౌరవంగా చూస్తాడు, అందుకే అతనికి అందులో ఏ తప్పూ దొరకదు. నేను అతని పనిని కుళ్ళుకుంటూ చూస్తాను, అప్పుడప్పుడూ దొరుకుతూనే ఉంటుంది. ఛాంబర్ మీద నా కుళ్ళు ఎప్పుడో పోయింది. కానీ ఆ రోజు ఏసోబు ఆ ఫోన్ ముందు నాకే ఇచ్చి ఉంటే, గాటు సంగతి పట్టుకుంది అతనైనా సరే, నేను అతనికి ఇచ్చేదాన్ని కాదు. ఆ ఒక్క విషయంలో అతనంటే నాకు ఇప్పటికీ కుళ్ళే.