ఎస్ నొక్కని పురుషోత్తమ్

బాగేపల్లి బస్టాండు దగ్గర మా జెరాక్స్ అంగడి, దాని పక్కనే పురుషోత్తమ్ ఫోటో స్టూడియో. మధ్యన ఉండేది ఒక్క గోడే. ఆయన పిరికితనం గురించి నాకు తెలిసినంత ఆయన భార్యకైనా తెలియదు. బల్లి మీద పడితే పంచాంగం తీస్తాడు. ఎక్కడో ఉరిమితే ఇక్కడ మెయిన్ స్విచ్ ఆపేస్తాడు. రోడ్డు దాటాలంటే హైదరాబాదు లారీలన్నీ వెళ్లిపోయేదాకా నిలబడతాడు. ఆ హైవేలో లారీలు అయిపోయేదెప్పుడు? "నీ నీడను చూసి నువ్వే జడుసుకుంటావు, నీకు ఫోటోల పనేమిటన్నా" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. కానీ పెండ్లి పందిట్లో ముసలివాళ్లను బుజ్జగించి కుర్చీలో కూర్చోబెట్టడంలో మాత్రం ఆయనకు సాటి లేదు.

2008 శ్రావణంలో పక్క పల్లె రైతు నరసింహప్ప కూతురి పెండ్లి జరిగింది. నరసింహప్ప తల్లి అక్కయమ్మకు ఎనభై దాటాయి. ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఓటు కార్డుకు కూడా ఒప్పుకోలేదట.

"ఏమీ కాదవ్వా, నాది పూచీ" అన్నాడట పురుషోత్తమ్.

"నేను పోతే ఆ పాపం నీదే నాయనా" అని నవ్వి ఆమె కూర్చుంది. ఈ మాట ఆయనే నాకు గొప్పగా చెప్పుకున్నాడు.

కంప్యూటర్లో చోటు చాలక ఆ పెండ్లి ఫోటోలన్నిటినీ కొత్తగా కొన్న హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. అరచేతిలో పట్టేంత పెట్టె, దానికొక వైరు. కెమెరా కార్డు తుడిచేసి మరో పెండ్లికి వాడుకున్నాడు. చెనక్కాయలు పెరికినాక వచ్చి ఆల్బమ్‌కు ఫోటోలు ఏరుతామని నరసింహప్ప అన్నాడు కాబట్టి ఒక్కటీ ప్రింటు వేయలేదు.

దసరా అయిన వారానికి అక్కయమ్మ పోయింది. మూడో రోజున నరసింహప్ప వచ్చాడు.

"పదకొండో రోజు తిథి ఉండాదప్పా. అమ్మది పెద్ద ఫోటో ఒకటి కట్టియ్యి. మా ఇంట్లో ఆమె బొమ్మ ఇంకొకటి లేదు" అని చెప్పి వెళ్లాడు.

పురుషోత్తమ్ పండుగ తరువాత మొదటిసారి డిస్కు తీసి కంప్యూటర్‌కు తగిలించాడు. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది: ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటావా అని. చేస్తే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కింద ఎస్, పక్కన నో.

గోడ అవతల నుంచి ఆయన పిలిచిన తీరుకే పని వదిలేసి పరుగెత్తాను. నన్ను చూసి తెర వైపు చెయ్యి చూపించాడు.

"సుమమ్మా, పూచీ పడి ఆయమ్మను చంపితిని. ఇప్పుడు బొమ్మను గూడా పోగొడితిని."

కంప్యూటర్ క్లాసులు చెప్పే చంద్రును పిలిపించాను. అతను తెర చూసి తేల్చేశాడు. "ఎస్ నొక్కన్నా. ఫార్మాట్ అయినాక సాఫ్ట్‌వేర్ పెట్టి ఫోటోలు వెనక్కి లాగొచ్చు. పోతే నాలుగు పోతాయి."

"ఆ నాలుగింట్లో ఆయమ్మ ఉంటే?"

"చదువుకున్నోడు చెప్తాండాడు, నొక్కన్నా" అని నేనూ అన్నాను. అంతటితో ఊరుకోక, ఇంత పిరికితనమైతే ఎట్లా అని కూడా అన్నాను.

చంద్రు మౌస్ మీద చెయ్యి వేయబోతే పురుషోత్తమ్ అడ్డుపడి నో నొక్కాడు. వైరు పీకి డిస్కును కడుపుకు అదుముకున్నాడు.

ఆ తరువాత ఐదు రోజులు ఆయనకు తిండి సహించలేదు. డిస్కును గుడ్డలో చుట్టి దేవుని గూట్లో పెట్టుకున్నాడు. నరసింహప్ప ఊరి బస్సు వచ్చే వేళకు షట్టర్ సగం దించేసేవాడు. అక్కయమ్మ పోయిన ఎనిమిదో రోజు ఆ డిస్కును నా దగ్గరికి తెచ్చి, "నువ్వన్నా ఒకసారి చూడమ్మా" అన్నాడు. నేనేం చూస్తాను? ఊరికే గుడ్డ విప్పాను. వైరు చివర, ప్లగ్గు నోట్లో ఎర్రగా ఏదో ఎండిపోయి కనిపించింది.

చూడగానే గుర్తొచ్చింది. ఆయుధపూజ రోజున ఆయన అత్తగారి ఊరికి వెళ్తూ తాళాలు నాకిచ్చాడు. రెండంగళ్లకూ పూజ చేసింది నేనే. జెరాక్స్ మిషనుకూ కెమెరాకూ కత్తెరకూ గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చి ఈ డిస్కు దగ్గర ఆగాను. పెట్టె అంతా ప్లాస్టిక్కు. ఆయుధమంటే ఇనుమే కదా అని, మెరుస్తున్న ఆ ప్లగ్గుకే దండిగా బొట్టు పెట్టాను.

అన్ని రోజులు ఆయన్ను పిరికివాడన్న నాకే ఆ నిమిషం భయమేసింది. చెప్పకుండా తుడిచేద్దామా అని కూడా అనిపించింది. ఆయన ముఖం చూశాక దాచలేకపోయాను.

"అన్నా, దీనికి బొట్టు పెట్టింది నేనే."

ఆయన డిస్కు తీసుకుని స్టూడియోలోకి నడిచాడు, వెనకే నేను. లెన్సు తుడిచే కుంచె తెచ్చి, స్పిరిట్‌తో ప్లగ్గునూ కంప్యూటర్ తూటునూ అరగంట సేపు శుభ్రం చేశాడు. బాగా ఆరనిచ్చి తగిలించాడు. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. కుంకుమ అడ్డం తొలిగింది, ఈసారి టిక్కుమనలేదు. కళ్లు తెరిచేసరికి పెండ్లి ఫోటోలు వరుసగా వస్తున్నాయి. నలభయ్యో ఏభయ్యో దాటాక అక్కయమ్మ వచ్చింది, నోట్లో ఉన్న మూడు పళ్లూ కనిపించేట్టు నవ్వుతూ. ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. ఆ రోజు నా మాట విని ధైర్యం చేసి ఉంటే ఈ ముఖం ఉండేదో లేదో.

పదో రోజున నరసింహప్ప వచ్చి పటాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. పురుషోత్తమ్ ఉండబట్టలేకపోయాడు.

"అవ్వకు పూచీ పడి తీస్తిని. రెండు నెలలకే పాయె. నా తప్పేనప్పా."

"అది నీ తప్పు కాదులేప్పా" అన్నాడు నరసింహప్ప. "పెండ్లయిన దినం నుంచి రోజూ అడుగుతా ఉండె, నా బొమ్మ ఎప్పుడొస్తాదిరా అని. కాయలు పెరికినాక తెస్తాలే అని నేనే చెప్తా వస్తిని."

పటాన్ని తువ్వాలుతో చుట్టుకుని ఆయన బస్సెక్కాడు.

అప్పటి నుంచి ఏ పెండ్లిలో తీసినా ముసలివాళ్ల ఫోటోను పురుషోత్తమ్ మరుసటి రోజే ప్రింటు వేస్తాడు. తానే ఆ ఊరికి వెళ్లి చేతికిచ్చి వస్తాడు. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుందోనని భయం. నేనిప్పుడు ఏడిపించడం లేదు. పల్లె బస్సులు హైవే అవతల ఆగుతాయి కాబట్టి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి వస్తాను.