తవుడిచ్చి కొన్న అమ్మమ్మ

మా వైపు పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. నిన్ను మేం కనలేదు, చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాం అని. నన్నూ అన్నారు, మా తమ్ముణ్ణీ అన్నారు. మేం కాసేపు ఏడ్చి, చేతిలో జంతిక పెట్టగానే మర్చిపోయేవాళ్ళం. మా అమ్మమ్మ మాత్రం ఎనభై ఎనిమిదేళ్ళొచ్చినా మర్చిపోలేదు. ఎందుకంటే ఆవిణ్ణి నిజంగానే తవుడిచ్చి కొన్నారు.

ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు వరసగా దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. పిల్లలందరూ బతికి బట్టకట్టిన పొరుగింటి ఇల్లాలు ఎవరో వచ్చి ఆ బిడ్డని ఎత్తుకుపోయేది. కన్నతల్లి ఆవిడ ఇంటికి వెళ్ళి ఇంత తవుడు పోసి కొనుక్కొచ్చుకునేది. ఇక ఆ బిడ్డ ఈ తల్లి బిడ్డ కాదు కాబట్టి యముడు జోలికి రాడని నమ్మకం. యముడంత తేలిగ్గా మోసపోతాడని ఎలా అనుకున్నారో నాకు చిన్నప్పటినుంచీ అర్థం కాదు.

కొన్న సంగతి ఎవరూ దాచలేదు. అమ్మమ్మ అనుమానం అంతకు ముందు మెట్టు దగ్గర. కొన్నారు సరే, అసలు తను ఎవరి కడుపున పుట్టింది? పక్కింటావిడ కన్న పిల్లనే, బిడ్డలు నిలవని ఇంటికి ఇచ్చేసి, పైకి ఈ తంతు నడిపారేమో. అలా అనుకోవడానికి ఆవిడ దగ్గర కారణాలున్నాయి. వాళ్ళమ్మ ఆవిణ్ణి ఏనాడూ 'మా అమ్మాయి' అనలేదు. ఎవరైనా అడిగితే పక్కింటి వాళ్ళ పిల్ల అనేది. పుట్టినరోజు తలంట్లు పక్కింట్లోనే. తర్వాత పుట్టిన తమ్ముడికి మాత్రం అమ్మ చేతి ముద్దలు, పూటపూటా దిష్టి తీయడాలు. అమ్మమ్మ పెళ్ళిలో కన్యాదానం మేనమామ దంపతులు చేశారు. చివరికి పురిటికి వెళ్తే కూడా, వాళ్ళమ్మ గుమ్మంలో నిలబెట్టి ఎవరింటికొచ్చావమ్మా అని అడిగాకే లోపలికి రానిచ్చిందట. చూసినవాళ్ళు నవ్వేవారు. అమ్మమ్మ కూడా నవ్వేసేది.

అమ్మమ్మకి యాభై తొమ్మిదో ఏట వాళ్ళమ్మ పోయింది. పన్నెండో రోజున అక్కాతమ్ముళ్ళకి ఏదో మాటా మాటా వచ్చింది. "కన్నతల్లి పోతే ఎలా ఉంటుందో నీకేం తెలుస్తుందిలే అక్కా," అన్నాడు తమ్ముడు. ఆయన కోపం ఆ పూటకి చల్లారింది, ఆ మాట అన్నట్టు కూడా తర్వాత గుర్తు లేదు. ఈవిడ మటుకు దాన్ని మనసులోంచి తీయలేకపోయింది. నిరుడు ఒకరోజు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "నేను పోయేలోపల ఇది తేలుతుందంటావా?" అని నన్నడిగింది.

నేను రాజమండ్రిలో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. ఏ ప్రశ్నకైనా జవాబు తేలకపోతే నాకు అన్నం సయించదు. మా ఆయన దీన్ని కూపీలు లాగే జబ్బంటాడు. అమ్మమ్మకి తను పుట్టిన తారీఖు తెలియదు కానీ సంవత్సరం, మాసం, తిథి తడుముకోకుండా చెప్తుంది. ఫోన్లో పంచాంగం చూస్తే తారీఖు నిమిషంలో తేలిపోయింది. ఆవిడ పుట్టింది మండపేట దగ్గర పల్లెటూళ్ళో. ఆ ఊరి పాత జనన మరణాల రిజిస్టర్లు ఒక ఆఫీసులో భద్రంగా ఉన్నాయని తెలిసి, నకలు కోసం అర్జీ పెట్టుకున్నాను.

మొదటిసారి వెళ్తే ఆఫీసరు గారు మీటింగులో ఉన్నారు. రెండోసారి గది తాళంచెవి పట్టుకెళ్ళినాయన పెళ్ళికెళ్ళాడు. మూడోసారికి రిజిస్టరు నా ముందుకొచ్చింది. అంచులు పురుగు కొట్టేసినా సిరా చెక్కుచెదరలేదు. ఆ తారీఖున మా ముత్తాత ఇంట్లో ఏ బిడ్డా పుట్టలేదు. ఒకే ఒక ఆడపిల్ల పుట్టింది. తండ్రి గడిలో పక్కింటాయన పేరు, తల్లి గడిలో పక్కింటావిడ పేరు.

సరదాగా మొదలెట్టిన పనికి ఇలాంటి జవాబు వస్తుందని నేను అనుకోలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని పది రోజులు నోరు కట్టుకున్నాను. అమ్మమ్మ అడిగినప్పుడల్లా రిజిస్టరు ఇంకా దొరకలేదని అబద్ధం చెప్పాను. ఆవిడ సరేలే అనేది, అని నా మొహం వంక చూసేది.

పదకొండో రోజున క్లాసులో లెక్క మొదటి వరస ఒక్కటే చదివి జవాబు రాసేసిన పిల్లని కేకలేస్తుంటే సిగ్గేసింది. నేను చేసిందీ అదే కదా. మళ్ళీ సెలవు పెట్టి వెళ్ళాను. ఈసారి ఆ ఒక్క వరస దగ్గర ఆగకుండా వెనక్కి వెనక్కి తిప్పుతూ పోయాను. నాలుగు నెలల ముందు పక్కింటావిడకి మగపిల్లాడు పుట్టినట్టు ఉంది, తనకన్నా ఏడాదిన్నర పెద్దని అమ్మమ్మ అనుకుంటూ వచ్చినాయనే. నాలుగు నెలల్లో ఇంకో బిడ్డని కనడం ఏ ఆడదానికి చేతనవుతుంది? ఇంకా వెనక్కి వెళ్తే మా ముత్తాత దంపతుల పిల్లలు కనిపించారు. పుట్టిన పేజీల్లో ముగ్గురు, పోయిన పేజీల్లో ఆ ముగ్గురే. ఒకరు పదకొండు రోజులు, ఒకరు రెండు నెలలు, ఒకరు ఏడు నెలలు బతికారు. ఆ రోజుల్లో పుట్టుకలూ చావులూ రాసేది ఊరి మునసబే, ప్రతి పేజీ అడుగునా ఆయన సంతకం. ఆ మునసబు మరెవరో కాదు, అమ్మమ్మ మేనమామే. చెల్లెలు కన్న పిల్లని పొరుగింటి ఖాతాలో రాసి, తర్వాత కన్యాదానం చేసిందీ ఆయనే.

రిటైరుమెంటు దగ్గర పడ్డ రికార్డుల గది ఉద్యోగికి నా ఆశ్చర్యం వింతగా తోచింది. "ఇందులో ఇలాంటివి ఇంకా ఉన్నాయండి. మా నాయనమ్మదీ ఇంతే. ఊరంతా ఒక మాట చెప్పి, సర్కారు పుస్తకంలో ఇంకోటి రాయిస్తే యముడికి దొరికిపోమాండి?" అన్నారు.

ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా అమ్మమ్మ పక్కన కూర్చుని, మొదట చూసింది, దాచింది, తర్వాత చూసింది అన్నీ చెప్పేశాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. పోయిన ముగ్గురి వరసలూ మళ్ళీ చదవమంది. ఫోన్లో రాసుకొచ్చినవి చదివాను.

"ముగ్గురా? ఇద్దరే అని చెప్పింది నాకు," అంది. అంతలోనే కోపం వచ్చింది. పుస్తకంలో రాయించారు, పక్కింట్లో తలంటించారు, అది చాలదా అంది. తలుపులేసుకున్నాక ఇంట్లో చూడ్డానికి ఎవరున్నారు, ఒక్కసారి దగ్గరకి తీసుకుంటే ఏం పోయేది అని నన్ను నిలదీసింది, అదేదో నా తప్పయినట్టు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కోపం దిగాక తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది: "పెళ్ళయింది, పిల్లల్ని కన్నాను, మనవలు పుట్టారు. జుట్టు నెరిసిపోయింది. అప్పటికీ నేను బతుకుతానని నమ్మకం కుదరలేదే. ఎంత భయపడిందే మా అమ్మ."