ఫ్లాపీ లాగేస్తే

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. మొన్న పొద్దున నా జిరాక్సు షాపులో ఉండగా ఫోనొచ్చింది. షట్టరు సగం దించాను, మళ్ళీ ఎత్తాను. ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు.

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడమీద ఆయన ఇన్‌స్టిట్యూట్ ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళాలి. ఇంటర్ తప్పి చేరిన నేను ఆ చెప్పుల జతలన్నీ కలగలిపేవాణ్ణి. మౌసుల్లో బంతులు తీసి జేబులో వేసుకునేవాణ్ణి. నన్ను వెళ్ళగొట్టమని ఆయనకి చెప్పనివాళ్ళు లేరు.

ఒకరోజు ఆయన ఒక సీడీ తెచ్చారు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్. ఇంకా బజార్లోకి రాలేదు. వాడి చూసి తప్పులుంటే రాయమని కంపెనీ కొందరికి ముందుగా ఇచ్చిందట. బుద్ధిమంతులంతా కూర్చుని, నొక్కమన్న చోటే నొక్కారు. ఒక్క తప్పూ దొరకలేదు.

"లేవండమ్మా, మీ మర్యాదకి ఇది లొంగదు" అని నా వైపు తిరిగారు. "రారా వెధవా, నీతో పని పడింది."

ఫైలు ఫ్లాపీలోకి సేవ్ అవుతుండగా ఆ ఫ్లాపీ లాగేశాను. మిషన్ బిగుసుకుపోయింది. ఆపి, ఆన్ చేసి మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే. తిడతారనుకుంటే, ఆయన కుర్చీ లాక్కుని కంపెనీకి రాయడం మొదలుపెట్టారు.

"ఏమని రాయమంటావురా?"

"సిగ్గులేదా అని రాయండి మాస్టారూ."

దయచేసి పరిశీలించగలరు అని ఇంగ్లీషులో కొట్టారు. "ఉన్నది లాగేస్తే, ఏదీ అని అడగాలిరా. బిగుసుకుపోతే ఎట్లా?"

నా అల్లరి ఒక పనికొచ్చే సంగతని మొదట కనిపెట్టింది ఆయనే.

కంపెనీ నుంచి జవాబు రాలేదు. ఆయనకి కాలు నిలవదు. వరండాలోకీ లోపలికీ తిరిగేవారు.

"బెజవాడ నుంచి రాస్తే ఎవడు చదువుతాడండీ?" అని ఏడిపించేవాణ్ణి.

"చదవాలిరా. మనం కూడా ఉన్నామని తెలియాలి కదా!"

నెలల తర్వాత అసలు సీడీ బజార్లోకి వచ్చింది. ఎక్కించగానే నన్నే కూర్చోబెట్టారు. "లాగు."

లాగాను. తెరమీద చిన్న పెట్టె వచ్చింది, ఫ్లాపీ మళ్ళీ పెట్టమని. పెట్టాను. మిగతా పని చేసుకుపోయింది. మా మాట విన్నారో, ఇంకెవరి మాట విన్నారో తెలీదు. ఆయన కిందికెళ్ళి అందరికీ పునుగులు తెచ్చారు. మొదటి పొట్లం నా చేతిలో పెట్టారు.

మొన్న ఫోను పెట్టేశాక, షాపు కంప్యూటర్‌కి నా పెన్‌డ్రైవ్ గుచ్చి, ఒక ఫైలు కాపీ అవుతుండగా లాగేశాను. తెర బిగుసుకోలేదు. మళ్ళీ పెట్టమని చిన్న పెట్టె వచ్చింది.

"ఏవండీ, నా ఆధార్ కాపీలు?" అంటున్నాడు కౌంటరు దగ్గర ఎవరో.

పెన్‌డ్రైవ్ నా గుప్పిట్లోనే ఉంది. తెరమీద పెట్టె, ఏదీ అని అడుగుతూనే ఉంది.