రచయిత పేరు మీద పసుపు

నిన్న నిజామాబాద్‌లో, పిల్లల కథలు రాసే పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పడానికి తాతలూ మనవలూ కలిసి వరుస కట్టారు. నేనొక్కదాన్నే వెళ్లాను. చేతిలో మా ఇంట్లోకి వచ్చిన మొదటి పుస్తకం, ఆయన రాసిందే.

మీ ఇళ్లలోనూ కొత్త వస్తువుకు పసుపు పెట్టేవాళ్లు కదా? బోధన్‌లో చెరకు కొట్టే, చదువు రాని మా అమ్మ, నేను అవ్వా అని పిలిచే అమ్మ, దీనికీ తడి పసుపు అద్దింది. సరిగ్గా రచయిత పేరు మీదే.

"అవ్వా, పేరు కనవడ్తలేదే!" అని ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా. గిది రాసినాయిన కలిస్తే నన్నే తిట్టుమను."

అవ్వ పోయి మూడేళ్లు. నిన్న ఆ మాట చెబితే ఆయన హాయిగా నవ్వారు.

"తిట్టాలంటే ఆమె రావాలి కదమ్మా. ఏదీ?"

వెనక పిల్లలు తొందరపడుతున్నారు.

"ఇంటికాడ ఉంది సార్," అన్నాను.